వంపు మీద గంటలు: నెల్లూరు, ప్రకాశం పిలకాయలు పార్క్ స్కేట్‌బోర్డింగ్‌లో ఎదగాలంటే

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా స్కేటింగ్ అనగానే పెద్దల కళ్ల ముందు మెదిలేది చక్రాల బూట్లు. పిలకాయలు వరసగా నడుం వంచి గుండ్రంగా తిరుగుతుంటారు, కోచ్ చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది. అది రోలర్ స్కేటింగ్. అక్కడ ఎవరు ముందో గడియారం తేలుస్తుంది. స్కేట్‌బోర్డ్ సంగతి వేరు. రెండు కాళ్లూ ఒకే చెక్క మీద ఉంటాయి, పాదాలకు ఏ కట్టూ ఉండదు. ఇందులో ఒలింపిక్స్‌లో రెండు పోటీలున్నాయి. మెట్లు, రెయిలింగులు, అరుగుల్లాంటి దిమ్మెల మీద చేసేది స్ట్రీట్. నీళ్లు తోడేసిన ఈతకొలనులాంటి కాంక్రీటు గుంటలో, గోడల వెంట ఎక్కుతూ దిగుతూ గాల్లోకి లేస్తూ చేసేది పార్క్.

ఈతకొలను పోలిక ఊరికే తెచ్చింది కాదు. 1976-77లో కాలిఫోర్నియాలో కరువొచ్చి ఇళ్ల వెనక కొలనులు ఎండిపోతే కుర్రాళ్లు వాటిలో బోర్డులు దింపారు. ఈ ఆట అక్కడే రూపు దిద్దుకుంది. (కరువంటే ప్రకాశం జిల్లాకు కొత్త కాదు గానీ, మనకు ఎండేవి చెరువులు. వాటి అడుగున బోర్డు నడవదు.)

పిల్ల స్కేట్‌బోర్డ్ అడిగితే ఇంట్లో ముందు చర్చకొచ్చేది బోర్డు ధర, తర్వాత కోచ్ ఎవరన్నది. ఈ రెండింటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: వారానికి ఎన్ని గంటలు వంపు గోడ మీద గడపగలదు? చదునైన సిమెంటు రోడ్డు మీద మూడేళ్లు తిరిగిన పిల్లకీ, ఆరు నెలలు వంపు మీద తిరిగిన పిల్లకీ పార్క్ పోటీలో పోలికే ఉండదు. పారిస్ ఒలింపిక్స్‌లో పార్క్ స్వర్ణాలు రెండూ, అంటే మహిళల్లో అరిసా ట్రూ, పురుషుల్లో కీగన్ పామర్ గెలిచినవి, ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ అనే ఒకే తీరప్రాంతానికి వెళ్లాయి. ఆ చుట్టుపక్కల అడుగడుగునా బౌళ్లు, అంటే పైన చెప్పిన కాంక్రీటు గుంటలు, ఉన్నాయి.

వయసు లెక్క

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మహిళల పార్క్‌లో జపాన్‌కు చెందిన సకురా యోసోజుమి 60.09తో స్వర్ణం గెలిచింది. ఆమెకు అప్పుడు 19 ఏళ్లు, పతకం తీసుకున్న ముగ్గురిలో ఆమే పెద్దది. రజతం తీసుకున్న కొకొనా హిరాకీకి 12, కాంస్యం తీసుకున్న స్కై బ్రౌన్‌కు 13. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అరిసా ట్రూ 14 ఏళ్లకే 93.18తో గెలిచింది. హిరాకీకి 92.63, బ్రౌన్‌కు 92.31 వచ్చాయి. అంటే టోక్యోలో స్వర్ణం తెచ్చిన మార్కుకు ముప్పై పైచిలుకు కలిపితే గానీ పారిస్‌లో కాంస్యం రాలేదు. మార్కులు ఏ పోటీకి ఆ పోటీలో ఒకరితో ఒకరిని పోల్చి వేస్తారు కాబట్టి ఈ తేడా మొత్తాన్ని నైపుణ్యం ఖాతాలో వేయలేం. అయినా ఆట ఎంత వేగంగా కదులుతోందో చూడటానికి ఒక ఉదాహరణ చాలు. అమ్మాయిల్లో మొదటిసారి 720, అంటే గాల్లో రెండు పూర్తి చుట్లు, అరిసా ట్రూ 2023 జూన్‌లో చేసింది. 2024 మే నాటికి 900 కూడా వేసేసింది. అంటే రెండున్నర చుట్లు.

అబ్బాయిల లెక్క కాస్త నిదానం. ఎత్తుగా ఎగరడానికి కాలి కండ బలం కావాలి, అది పదిహేను దాటాకే వస్తుంది. పామర్ టోక్యోలో గెలిచినప్పుడు 18, పారిస్‌లో మళ్లీ గెలిచినప్పుడు 21. మరో కొసన బ్రిటన్ తరఫున పారిస్‌లో దిగిన ఆండీ మెక్‌డొనాల్డ్ ఉన్నాడు, ఆయనకు 51. అదే పోటీల్లో చైనా అమ్మాయి జెంగ్ హావోహావోకు 11. తాతా మనవరాళ్ల వయసు తేడాతో ఒకే గుంటలో దిగే ఆట ఒలింపిక్స్‌లో అరుదు.

దీన్నిబట్టి మన ఇళ్లలో తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. అమ్మాయి ప్రపంచస్థాయికి వెళ్లాలనుకుంటే ఏడెనిమిదేళ్లకే వంపు ఎక్కాలి. పన్నెండేళ్లకు మొదలుపెడితే ఆట వస్తుంది, జాతీయ స్థాయి కూడా అందుతుంది, కానీ ప్రపంచస్థాయి గడప దూరమవుతుంది. అబ్బాయికి ఇంకో రెండు మూడేళ్లు వెసులుబాటు ఉంది.

45 సెకన్లు

పార్క్ పోటీలో ఒక్కో పరుగు 45 సెకన్లు. ఒలింపిక్స్‌లో మూడు పరుగులిస్తారు, వాటిలో మంచిదే లెక్కలోకి వస్తుంది. ఐదుగురు జడ్జీలు వందకు మార్కులేస్తారు. అత్యధికం, అత్యల్పం తీసేసి మిగిలిన మూడింటి సగటు తీస్తారు. ఈ విన్యాసానికి ఇంత అన్న ధరల పట్టిక ఉండదు. ఎంత కష్టమైనవి చేసింది, ఎంత ఎత్తు లేచింది, ఎంత శుభ్రంగా దిగింది, గుంట మొత్తాన్ని వాడుకుందా, చేసిందే మళ్లీ చేసిందా అన్నవన్నీ కలిపి ఒకే మార్కు. మధ్యలో కిందపడితే ఆ పరుగు అక్కడితో సరి. అప్పటిదాకా చేసినదానికే మార్కులు.

ఇక్కడే లెక్క మొదలవుతుంది. మూడు మీటర్ల లోతు గోడ నుంచి దిగితే, రాపిడిని పక్కన పెడితే, అడుగుకు చేరేసరికి వేగం గంటకు 27 కిలోమీటర్లు దాటుతుంది. మీటరు లోతైతే 16. కోపింగ్‌కు, అంటే గోడ పై అంచున ఉండే పైపుకు, మీటరున్నర పైకి లేస్తే గాల్లో ఉండేది 1.1 సెకను. ఆ సెకనులోనే చుట్టు తిరగాలి, బోర్డు పట్టుకోవాలి, వదలాలి, దిగే చోటు చూసుకోవాలి. చుట్టు పూర్తి కాకపోతే చాలామంది ఇంకా గట్టిగా తిరగాలని చూస్తారు. లోపం తిరగడంలో కాదు, ఎత్తు చాలకపోవడంలో ఉంటుంది. ఎత్తు చాలకపోవడానికి కారణం అంతకుముందు గోడ దగ్గరే వేగం పోగొట్టుకోవడం.

అందుకే పరుగును వెనక నుంచి ముందుకు అల్లుకోవాలి. అన్నిటికన్నా వేగం కావాల్సిన విన్యాసం ఏది? దానికి లోతైన గోడ ఎక్కడుంది? అక్కడికి వేగం తగ్గకుండా చేర్చే గోడ ఏది? వేగం తినేసే గ్రైండ్లు (ట్రక్కులు, అంటే చక్రాలను బోర్డుకు కలిపే లోహపు ఇరుసులు, అంచు మీద రాసుకుంటూ పోవడం), అంచు మీద ఒక క్షణం ఆగే స్టాల్స్ తక్కువ లోతు చోట వేయాలి. గాల్లోకి లేచే ఎయిర్లు లోతైన చోట. అతి కష్టమైనదాన్ని మొట్టమొదటే పెడితే పడిన మరుక్షణం పరుగు పోతుంది, మార్కులు చేతికి రావు. మరీ చివర పెడితే కాళ్లలో సత్తువ ఉండదు. 25వ సెకను నుంచి 35 మధ్య పెట్టుకోవడం మేలు. మొదటి పరుగు నూటికి నూరుపాళ్లు వచ్చే వాటితో పూర్తి చేసి స్కోరుబోర్డు మీద ఒక మార్కు వేయించుకోవాలి. తెగింపు రెండోదానికి, మూడోదానికి దాచుకోవాలి. అరిసాకు స్వర్ణం తెచ్చిన 93.18 మూడో పరుగులో వచ్చిందే.

వంపు నేర్పే వరస

పార్క్‌లో కాలితో నేలను తన్ని వేగం తెచ్చుకునే వీలు దాదాపు ఉండదు. వేగమంతా పంపింగ్‌తోనే రావాలి. ఇది చెబితే అర్థం కాదు గానీ అట్లతద్ది ఉయ్యాల ఎక్కినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. నిలబడి ఊగే పిల్ల ఉయ్యాల కిందికి వచ్చే చోట మోకాళ్లు చాపుతూ లేస్తుంది, పైకొసన మళ్లీ వంచుతుంది. ఎవరూ తొయ్యకుండానే ఊపు పెరుగుతుంది. గుంటలోనూ అంతే. చదునులో మోకాళ్లు వంచి ఉండాలి, చక్రాలు వంపు ఎక్కుతుండగా కాళ్లు చాపి గోడను నొక్కాలి, పైన మళ్లీ వదులవ్వాలి. చదునులో లేచి నిలబడి వంపులో కూర్చునే పిల్ల ఎంత కష్టపడినా నాలుగో ఊపుకు ఆగిపోతుంది. అది బలహీనత కాదు, వరస తారుమారు కావడం.

పంపింగ్ కన్నా ముందు నేర్పాల్సింది పడటం. గట్టి ప్లాస్టిక్ చిప్పలున్న మోకాలి ప్యాడ్లు కట్టి, బోర్డు లేకుండా, వంపు మీదికి నాలుగడుగులు పరిగెత్తి రెండు మోకాళ్ల మీద జారుతూ కిందికి రావాలి. పిరుదులు మడమల మీద ఆనాలి, చేతులు ముందు, పిడికిళ్లు మూసి ఉండాలి. ఇది యాభై సార్లు చేశాక శరీరం దానంతటదే మోకాళ్లను వెతుక్కుంటుంది. ఇది రాని పిల్ల పడేటప్పుడు అరచేయి వెనక్కి ఆనిస్తుంది, మణికట్టు విరుగుతుంది. బట్టతో చేసిన మెత్తటి ప్యాడ్లు జారవు, పట్టేస్తాయి. వాటితో మోకాలి జారుడు నేర్పకూడదు.

తర్వాత గోడ సగం ఎత్తులో కిక్‌టర్న్, అంటే ముందు చక్రాలెత్తి తిరగడం. గోడకు ముఖం పెట్టి తిరిగేది ఫ్రంట్‌సైడ్, వీపు పెట్టి తిరిగేది బ్యాక్‌సైడ్. పిల్లలు సులువైన వైపే నేర్చుకుని రెండోదాన్ని వాయిదా వేస్తారు. మొదటి నెలలో ఒకవైపు పదిసార్లు చేస్తే రెండోవైపు ఇరవై సార్లు చేయించాలి. లేకపోతే మూడేళ్లకు ఒకవైపు మూలలన్నీ వదిలేసే స్కేటర్ తయారవుతుంది, గుంట మొత్తం వాడలేదని జడ్జీ మార్కులు కోస్తాడు.

ఆ తర్వాతే డ్రాప్ ఇన్, అంటే పై అంచు నుంచి గుంటలోకి దిగడం. బోర్డు తోకను కోపింగ్ మీద ఆనించి, వెనక కాలితో తొక్కిపట్టి, ముందు కాలిని ముందు బోల్టుల మీద పెట్టి, ముందు చక్రాలను గోడకు కొట్టినట్టుగా దిగాలి. చెప్పడానికి ఇంతే. నూటికి తొంభై మంది పడేది ఒకే రకంగా: భయంతో బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది, బోర్డు ముందుకు దూసుకుపోతుంది, పిల్ల వెల్లకిలా పడుతుంది. ముందు భుజం గుంటలోకి వాలితే బరువు దానంతటదే వస్తుంది. ముందు చేత్తో ముందు మోకాలిని తాకమని చెప్పడం దీనికి పాత చిట్కా. రెండడుగుల ఎత్తు మీద యాభై సార్లు దిగాకే మూడడుగులు.

తర్వాత రాక్ టు ఫేకీ, యాక్సిల్ స్టాల్ (రెండు ట్రక్కులూ కోపింగ్ మీద ఆనించి ఆగడం), 50-50 గ్రైండ్ (రెండు ట్రక్కులతో కోపింగ్ వెంట జారడం), మూలల్లో కార్వింగ్ (చక్రాలెత్తకుండా ఒరిగి తిరగడం), చిన్న ఎయిర్లు, ఈ వరసలో వస్తాయి. రాక్ టు ఫేకీలో బోర్డు నడిమధ్య కోపింగ్ మీద ఆగి వెనక్కి దిగాలి. దిగేటప్పుడు ముందు చక్రాలు ఎత్తకపోతే ట్రక్ పైపుకు తగులుకుంటుంది, మనిషి తల కిందుగా వస్తాడు. స్కేటర్లు దీన్ని హ్యాంగ్ అప్ అంటారు. 

24 అడుగుల ర్యాంపు

చెన్నై దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కోవళం, మహాబలిపురం వైపు సర్ఫింగ్‌తో పాటు స్కేట్‌బోర్డింగ్ కూడా నాటుకుంది. మహాబలిపురం మత్స్యకార కుటుంబంలో పుట్టిన కమలి మూర్తి రెండింట్లోనూ పేరు తెచ్చుకుంది. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు, అక్కడి నుంచి మహాబలిపురం ఇంకో యాభై అరవై. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వెళ్లొచ్చు గానీ వారం వారం సాగే పని కాదు. నెలకోసారి అసలు బౌల్, మిగతా రోజులు ఇంటి దగ్గర చిన్న ర్యాంపు, ఇదీ మన రెండు జిల్లాలకు కుదిరే పద్ధతి.

ఎదురెదురుగా రెండు వంపులు, మధ్యలో చదును ఉండేదాన్ని మినీ ర్యాంపు అంటారు. మొదలుపెట్టే పిల్లకు 3 అడుగుల ఎత్తు, 6 అడుగుల వ్యాసార్థం చాలు. ఈ కొలతలో వంపు అడ్డంగా 5 అడుగుల 2 అంగుళాలు ఆక్రమిస్తుంది, పై అంచు దగ్గర వాలు సరిగ్గా 60 డిగ్రీలు ఉంటుంది. వ్యాసార్థం 5కు తగ్గిస్తే గోడ ముక్కు మీదికి వచ్చినట్టుంటుంది, నేర్చుకునే పిల్ల భయపడుతుంది. 8కి పెంచితే రోడ్డు గట్టు ఎక్కినట్టుంటుంది, పంపింగ్ అబ్బదు. మధ్య చదును 8 అడుగులు ఉండాలి. అంతకన్నా తగ్గిస్తే ఒక గోడ దిగి తేరుకునేలోపే రెండోది వచ్చేస్తుంది.

వంపు గీయడానికి వడ్రంగులు మేకు కొట్టి పురికొస కడతారు. పురికొస సాగుతుంది, రెండు పక్కల వంపులు ఒకేలా రావు. ఆరడుగుల రీపర్‌కు ఒక కొసన మేకు, రెండో కొసన పెన్సిలు పెట్టి గీయాలి. 8×4 ప్లైవుడ్ షీటును నిలువునా కాకుండా పొడుగ్గా పరిచి గీస్తే 18 మిల్లీమీటర్ల షీటు ఒక్కదాంట్లో వంపుతో పాటు పైన నిలబడే అరుగుకు 2 అడుగుల 10 అంగుళాలు కూడా వస్తుంది. ర్యాంపు వెడల్పు 8 అడుగులనుకుంటే ఒక్కో వైపు రెండు పక్కలకూ నడిమికీ కలిపి మూడు, మొత్తం ఆరు షీట్లు. మొత్తం పొడుగు 24 అడుగులు.

పక్క షీట్ల మధ్య అడ్డ బద్దెలు ప్రతి 8 అంగుళాలకు ఒకటి ఉండాలి. ఖర్చు తగ్గుతుందని అడుగుకొకటి వేస్తే నెల తిరిగేసరికి మధ్యమధ్యలో ప్లైవుడ్ లోపలికి దిగి, చక్రం కింద అల అల్లే తగులుతుంది. తీరం పొడుగునా సరుగుడు కర్ర చవగ్గా దొరుకుతుంది. దాన్ని ఇందులో వాడొద్దు, ఎండాక మెలి తిరుగుతుంది. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపువాళ్లతో ఇనుప స్క్వేర్ పైపులతో ఫ్రేమ్ కట్టించడం వడ్రంగి పనికన్నా మన ఊళ్లలో నమ్మకమైన దారి. వంపు కొలత చూపించే ప్లైవుడ్ అచ్చు ఒకటి మీరే కోసి ఇవ్వాలి, అంతే.

పై పరుపుకు 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే తీసుకోవాలి, మామూలు కమర్షియల్ ప్లై ఒక్క వానకాలానికే పొరలు విడిపోతుంది. షీటు 8 అడుగుల వైపు ర్యాంపు వెడల్పుకు, 4 అడుగుల వైపు వంపుకు వచ్చేలా పరిస్తే తేలిగ్గా వంగుతుంది. రెండు వంపులు, చదును కలిపి పొడుగు ఇరవై అడుగుల ఏడంగుళాలు. అంటే పొరకు ఐదు షీట్లు చాలక ఆరోది కోయాలి, రెండు పొరలకు పదకొండు పన్నెండు. కింది పొర అతుకు మీద పై పొర అతుకు పడకూడదు. స్క్రూ తలలు ప్లైవుడ్‌లోకి మిల్లీమీటరైనా దిగాలి. పైకి తేలిన ఒక్క స్క్రూ చాలు, చక్రం ఆగి మనిషి ఎగిరిపడటానికి.

కోపింగ్‌కు 2 అంగుళాల జీఐ పైపు. షాపులో రెండంగుళాలంటే లోపలి కొలత లెక్క, బయటి వ్యాసం 60 మిల్లీమీటర్లు. ఆ పైపు అరుగు కన్నా పైకీ, వంపు కన్నా ముందుకీ 8 నుంచి 10 మిల్లీమీటర్లు పొడుచుకు రావాలి. అసలు రాకపోతే ట్రక్కుకు అంచు అందదు, గ్రైండ్ నేర్చుకోలేరు. 15 దాటితే పైన చెప్పిన హ్యాంగ్ అప్ రోజూ జరుగుతుంది. ర్యాంపు మొత్తంలో తప్పు జరిగేది ఎక్కువగా ఈ కొలతలోనే, పైపు వెల్డింగ్ అయ్యేలోపు స్కేలు పెట్టి చూడాలి.

చోటు? ఆరుబయట పెడితే ఉప్పుగాలి, అక్టోబరు వానలు కలిసి తినేస్తాయి. సీజను కాని నెలల్లో ఖాళీగా ఉండే పొగాకు గోడౌనో, మూతబడిన రైస్ మిల్లు షెడ్డో దొరికితే అదే మేలు. టంగుటూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇలాంటి కప్పులకు కొదవ లేదు.

సిమెంటుతో కట్టిద్దామా అంటే, మంచి ఆలోచనే, కానీ ఇటుక గోడ మీద ప్లాస్టరింగ్ చేసినట్టు చేస్తే రెండు నెలల్లో పెచ్చులూడుతుంది. ఇనుప జాలీ కట్టి, వంపు అచ్చుల మధ్య కాంక్రీటు ఒకే దఫా వేసి, అది పచ్చిగా ఉండగానే కరణితో నున్న చేయాలి. ఆరాక పైన సిమెంటు పాలు పూసి నున్న చేసే అలవాటు మేస్త్రీలకుంది. గట్టి చక్రాల కింద ఆ పలచటి పొరే ముందు లేచిపోతుంది. కనీసం పది రోజులు గోనెపట్టాలు కప్పి తడపాలి. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు అందుబాటులో ఉన్నాయి కదా అని వంపు మీద పరిచేవాళ్లుంటారు. పాలిష్ రాయి మీద చెమట చుక్క పడినా చక్రం జారుతుంది. ఆ రాయి అరుగు అంచుకు, అంటే స్ట్రీట్ పనికి, బ్రహ్మాండంగా పనికొస్తుంది.

బోర్డు, హెల్మెట్

బోర్డు గురించి కొంచెం చెబితే చాలు. ఏడు పొరల మేపుల్ చెక్క. పదేళ్లలోపు పిల్లకు 7.25 నుంచి 7.75 అంగుళాల వెడల్పు, పెద్దవాళ్లకు 8.25 నుంచి 8.75. ట్రక్ ఇరుసు వెడల్పు చెక్క వెడల్పుకు సరిపోవాలి. చక్రాలు 54 నుంచి 58 మిల్లీమీటర్లు, గట్టిదనం 97ఏ నుంచి 101ఏ మధ్య. బొమ్మల షాపులో దొరికే బోర్డుల చక్రాలు వంపు మీద వేగం నిలపవు, వాటితో పంపింగ్ నేర్పాలని చూడటం పిల్లను శిక్షించడమే. బేరింగ్ మీద అంకెలు చూసి ఎక్కువ ధర పెట్టక్కర్లేదు, ఈ వేగాలకు తేడా తెలియదు. పార్క్ బోర్డుల నట్లు అంగుళాల కొలతలో ఉంటాయి: చక్రానికి అర అంగుళం, కింగ్‌పిన్‌కు (ట్రక్ నడిమి బోల్టుకు) 9/16, బోల్టులకు 3/8. అర అంగుళానికి మన 13 నంబరు పానా సరిపోతుంది. 9/16కు 14 ఎక్కదు, 15 వదులై నట్టు మూలలు అరిగిపోతాయి. స్కేట్ టూల్ ఒకటి కొనుక్కోవాలి.

మైపాడు, కొత్తపట్నం గాలికి బేరింగులు రెండు వారాల్లో గరగరమంటాయి. విప్పి, పెట్రోలులో కడిగి, పూర్తిగా ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయాలి. కొబ్బరినూనె వేస్తే దుమ్ము పట్టి బంక అవుతుంది.

హెల్మెట్ విషయంలో బేరం కుదరదు. స్కూటర్ హెల్మెట్ పనికిరాదు, బరువు ఎక్కువ, చెవులు మూస్తుంది. ఏఎస్‌టీఎం ఎఫ్1492 గానీ ఈఎన్ 1078 గానీ రాసి ఉన్నది తీసుకోవాలి. మొదటిది పదే పదే తగిలే దెబ్బల కోసమే చేసిన ప్రమాణం. కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, గడ్డం పట్టీ కింద ఒక వేలే పట్టాలి. 2020లో అమెరికాలో సాధన చేస్తూ ఎత్తు నుంచి పడిన స్కై బ్రౌన్‌కు పుర్రె చిట్లింది, మణికట్టు విరిగింది. అప్పుడామె హెల్మెట్ పెట్టుకునే ఉంది. తలకు దెబ్బ తగిలి తికమకగా మాట్లాడినా, వాంతి అయినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజు ఆట బంద్, నేరుగా డాక్టరు దగ్గరికి. “ఏం కాలేదు, ఆడు” అనే మాట గుంట దగ్గర నిషేధించాలి.

పెరిగే వయసులో ఎముక కొసల దగ్గర ఇంకా గట్టిపడని పొర ఉంటుంది. మడమ, మణికట్టు బెణికిందనుకుని పట్టీ కట్టి వదిలేస్తే అక్కడే విరిగి ఉండొచ్చు. మూడు రోజుల్లో నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాలి.

సంఘం, కాగితం, డబ్బు

మన దేశంలో స్కేట్‌బోర్డింగ్ కూడా రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కిందే ఉంది. ప్రపంచ సంస్థ వరల్డ్ స్కేట్‌కు అనుబంధం దాని ద్వారానే. కాబట్టి చక్రాల బూట్లు కట్టుకోకపోయినా జిల్లా రోలర్ స్కేటింగ్ సంఘం ద్వారానే రాష్ట్రానికి, అక్కడి నుంచి నేషనల్స్‌కు వెళ్లాలి. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్‌కు కూడా పతకాలిచ్చారు.

దారిలో పిల్లలు ఆగిపోయేది చాలాసార్లు ఆట రాక కాదు, పుట్టిన తేదీ కలవక. మున్సిపాలిటీ సర్టిఫికెట్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి, ఆధార్‌లో మూడోది. వయసు విభాగాల పోటీలో ఇది నేరుగా అనర్హత. మొదటి పోటీకి ఆరు నెలల ముందే మూడూ ఒకటి చేయించి, అప్పుడు పాస్‌పోర్టుకు వెళ్లాలి. పతకాల సర్టిఫికెట్లలో ఈవెంట్ పేరు, పోటీ స్థాయి, ఇచ్చిన సంఘం పేరు స్పష్టంగా ఉన్నాయా అని అక్కడే చూసుకోవాలి. రేపు క్రీడా కోటాలో సీటు అడిగేటప్పుడు అడిగేవి అవే.

ఇక పైస్థాయి. పారిస్‌కు ఒక్కో పోటీలో 22 మందికే చోటు, దేశానికి గరిష్ఠంగా ముగ్గురు. ముందు ప్రపంచ ర్యాంకింగుల ద్వారా వడపోసి, మిగిలినవాళ్లను 2024లో షాంఘై, బుడాపెస్ట్ క్వాలిఫయర్లలో దింపారు. జపాన్‌లో నాలుగో స్థానంలో ఉన్న అమ్మాయి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆ నిబంధన మనలాంటి దేశాలకు కాస్త ఊరట. కానీ ర్యాంకు పాయింట్లు రావాలంటే విదేశీ పోటీలకు వెళ్లాలి. మనకు దగ్గరగా ప్రపంచస్థాయి పోటీలు జరిగిన చోటు షార్జా, 2023 ఫిబ్రవరిలో పార్క్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ అక్కడే జరిగింది. గల్ఫ్‌లో చుట్టాలుండే ఇళ్లకు మొదటి విదేశీ ప్రయాణంగా ఐరోపాకన్నా అదే తేలిక. మైనరు పిల్ల ఐరోపాకు వెళ్లాలంటే తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రాలు వీసాకు కావాలి.

సంపాదన గురించి నేరుగా చెప్పుకోవాలి. బహుమతి డబ్బుతో బతికేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. కంపెనీలు స్కేటర్‌ను మూడు మెట్లలో తీసుకుంటాయి. ఫ్లో అంటే బోర్డులు, చక్రాలు ఉచితంగా ఇస్తారు, డబ్బుండదు. యామ్ అంటే సామానుతో పాటు ప్రయాణ ఖర్చులు కూడా కొంత భరిస్తారు. ప్రో అంటే ఆ పిల్ల పేరుతో బోర్డు అమ్మి వాటా ఇస్తారు. మన దగ్గర మొదటి మెట్టు దొరికితేనే గొప్ప. దానికి పతకాల కన్నా శుభ్రంగా తీసిన నిమిషం వీడియోలు ఎక్కువ పనిచేస్తాయి: కెమెరా నేలకు దగ్గరగా, గోడ మొత్తం కనబడేలా, పాట లేకుండా చక్రాల చప్పుడుతో.

ఏడాది ఎలా గడుస్తుంది

నేషనల్స్ సాధారణంగా డిసెంబరు ప్రాంతంలో వస్తాయి. మన రెండు జిల్లాల్లో వానలు దంచేది సరిగ్గా అక్టోబరు నుంచి డిసెంబరు వరకే. తుపాను హెచ్చరిక వచ్చిందంటే వారం పోయినట్టే. వేరే రాష్ట్రాల పిల్లలు ఎండలో సాధన ముగిస్తున్న రోజుల్లో మనవాళ్లు తడిసిన ప్లైవుడ్ ఆరడం కోసం చూస్తుంటారు. కప్పు కింద ర్యాంపు ఉండాలనేది అందుకే. కొత్త విన్యాసాలన్నీ సెప్టెంబరు చివరికే వచ్చేయాలి. వానకాలంలో 45 సెకన్ల పరుగును మూడు ముక్కలు చేసి, 15 సెకన్ల చొప్పున అరిగేదాకా చేయించాలి.

జనవరి నుంచి మార్చి పరీక్షలు. పదో తరగతి పిల్ల ఉంటే ఆ మూడు నెలలు వారానికి రెండు రోజులు, గంట చొప్పున, ఉన్నది మర్చిపోకుండా ఉంచుకుంటే చాలు. అసలు గండం ఇంటర్. పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పదింటిదాకా నడిచే కాలేజీ హాస్టల్‌లో వేస్తే పార్క్ స్కేటర్‌గా ఆ పిల్ల అధ్యాయం అక్కడితో ముగిసిందనుకోవాలి. అమ్మాయిల్లో ఆట ఉచ్చస్థితికి వచ్చే ఏళ్లు అవే. హాస్టల్ లేకుండా, సాయంత్రం ఐదుకు ఇంటికి పంపే కాలేజీ దొరుకుతుందా అని పదో తరగతి మొదట్లోనే వెతుక్కోవాలి. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ చదివే దారి కూడా ఉంది.

ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిది వరకే. ఎనిమిది దాటాక కాంక్రీటు కాగడం మొదలవుతుంది. సెలవుల్లో వారం పది రోజులు మహాబలిపురంలోనో బెంగళూరులోనో అసలు బౌల్ దగ్గర గడపడానికి ఇదే అదను. లోతైన గోడ ఇంటి ర్యాంపు మీద నేర్చుకోలేరు కాబట్టి అక్కడ డ్రాప్ ఇన్లు, మూలల్లో కార్వింగ్ తప్ప ఇంకేం పెట్టుకోవద్దు.

ఇక జూన్ నుంచి సెప్టెంబరు అసలైన నెలలు. బడి తెరిచే వారంలోనే ర్యాంపు పై పొర మీద అరచేయి రాస్తూ చూడాలి, ఎక్కడ బొబ్బ లేచిందో, ఏ స్క్రూ పైకి తేలిందో తెలుస్తుంది. ఆ ఒక్క షీటు మార్చి, పైపు చివర వెల్డింగ్ విడిచిందేమో సుత్తితో తట్టి చూసి, అప్పుడు పిల్లను ఎక్కించాలి.